తక్కువ బడ్జెట్లో గేమింగ్ ల్యాప్‌టాప్: ఇప్పుడే కొనాల్సినవేవి, తర్వాత వేయించుకోదగ్గవేవి

భీమవరంలోనో రాజమండ్రిలోనో షాపుకెళ్లి గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించమంటే ముందుగా బల్ల మీదికొచ్చేది "16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని పెద్దక్షరాల స్టిక్కరున్న పెట్టె. "మా వోడు ఇంజినీరింగండి, సాయంత్రం కాసేపు ఆడుకుంటాడంట" అని నాన్నగారు అంటారు. "అయితే ఇది తీసుకోండి బాబాయ్ గారూ, పదహారు జీబీ, ఇంక చూసుకోనక్కర్లేదు" అంటాడు షాపబ్బాయి. ఆ రెండు అంకెలూ నిజమే. కానీ అవి రెండూ రేపైనా, ఎల్లుండైనా పెంచుకోగలిగినవి. పెంచుకోలేనివాటి గురించి ఆ స్టిక్కరు మీద ఒక్క ముక్క ఉండదు.

అరవై వేల నుంచి లక్ష దాకా పెట్టగలిగి, ఏది తీసుకోవాలో తేలక తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా లెక్క ఒకటే: మార్చుకోలేని భాగాలకి డబ్బు ముందు పెట్టండి, మార్చుకోగలిగినవాటి దగ్గర తగ్గండి. దానికి తోడు మన గోదావరి డెల్టా ఎండనీ కరెంటునీ ఉప్పుగాలినీ లెక్కలో వేసుకోండి. బెంగళూరు రివ్యూల్లో ఈ మూడూ కనపడవు.

మారనివి, మారేవి

ఈ ధరల్లో దొరికే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గేమ్ బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ చిప్, దాని సొంత మెమరీ అయిన వీర్యామ్ అన్నీ మదర్‌బోర్డుకి సోల్డర్ చేసేసి వస్తాయి. కొన్న రోజు ఏదుందో, అమ్మేసే రోజుకీ అదే. లోపల వేడిని లాగే రాగి గొట్టాలు, ఫ్యాన్లు కూడా ఆ బాడీకి తగ్గట్టు చేసినవే, పెద్దవి తెచ్చి పెట్టలేం. స్క్రీను మార్చడం కుదురుతుంది గానీ సరైన ప్యానెల్ దొరకాలి, కనెక్టర్ కలవాలి, కూలీ కలుపుకుంటే చాలా ఖర్చు. కాబట్టి దాన్ని కూడా మారనివాటిలోనే వేసుకోండి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు, బ్యాటరీ మారతాయి. లెనోవో ఎల్‌ఓక్యూ, ఆసుస్ టఫ్, ఏసర్ నైట్రో వీ, హెచ్‌పీ విక్టస్, డెల్ జీ15 లాంటి వాటిలో ఎక్కువ మోడళ్లకు ర్యామ్ స్లాట్లు రెండుంటాయి. 8 జీబీ ఒక్కటే వేసి ఇస్తే రెండోది ఖాళీగా ఉంటుంది, దాంట్లో ఇంకో 8 వేసుకోవచ్చు. ఒకే స్టిక్‌తో (ర్యామ్ ముక్కతో) నడిపిన దానికన్నా రెండు స్టిక్‌లతో గేములు బాగా నడుస్తాయి, ముఖ్యంగా ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) హఠాత్తుగా పడిపోవడం తగ్గుతుంది. అయితే పాత తరం డీడీఆర్4 ర్యామ్ స్లాట్లో కొత్త తరం డీడీఆర్5 ఎక్కదు. కొనేముందు మీ మెషీన్‌లో ఏదుందో చూసుకోండి.

ఎస్‌ఎస్‌డీ విషయంలో అడగాల్సింది ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీ బిగించే చోట్లు) ఎన్ని అని. రెండుంటే పాతది అలాగే ఉంచి కొత్తది పక్కన బిగించొచ్చు. ఒక్కటే ఉంటే పాతది తీసేసి, విండోస్ అంతా కొత్తదాంట్లోకి మార్చుకోవాలి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కూడా ఇది మారుతుంది, అందుకని పేరు చూసి వదిలేయకుండా కింద అతికించిన పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వెతకండి.

ఇక్కడ ఒక కొత్త చిక్కుంది. ఇంతకుముందు "8 జీబీతో కొనేసి, ఆరు నెలలాగి ఇంకో స్టిక్ వేసుకో" అని చెప్పడం తేలిక, ఆ స్టిక్ చవగ్గా వచ్చేసేది. ఏఐ సర్వర్లకు మెమరీ చిప్పులు ఎక్కువగా మళ్లడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని 8 జీబీ మోడల్‌కీ 16 జీబీ మోడల్‌కీ ధరలో తేడా ఎంతో చూసి, విడిగా 8 జీబీ స్టిక్ ఆ రోజు ఎంత పలుకుతోందో షాపులో అడిగి, అప్పుడు తేల్చుకోండి. తేడా స్టిక్ ధరకి దగ్గరగా ఉంటే 16 జీబీదే తీసుకోండి. గ్రాఫిక్స్ చిప్‌లో ఒక మెట్టు దిగి ర్యామ్ పెంచుకోవడం మాత్రం ఎప్పుడూ నష్టమే.

చిప్ పేరు కాదు, వాట్లు అడగండి

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చిప్‌ను కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సన్నగా, తేలిగ్గా ఉండే మోడళ్లలో దాన్ని 45 వాట్లకు కట్టేసి అమ్ముతారు. కాస్త మందంగా ఉన్నవాటిలో 95, 105 వాట్లు దాకా వదులుతారు. పెట్టె మీద రెండింటికీ పేరొకటే. చెరువు గట్టు మీద ఏరేటర్ మోటారు పూర్తి వోల్టేజీలో తిరగడానికీ, లో వోల్టేజీలో మూలుగుతూ తిరగడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఎక్కువ వాట్లిచ్చిన పాత తరం 3050కీ, బాగా తగ్గించేసిన 4050కీ కొన్ని గేముల్లో పెద్ద తేడా కనపడకపోవచ్చు.

కాబట్టి షాపులో అడగాల్సిన ప్రశ్న: "ఇందులో గ్రాఫిక్స్ ఎన్ని వాట్లండీ? టీజీపీ ఎంత?" టీజీపీ అంటే గ్రాఫిక్స్ చిప్‌కి ఇచ్చే గరిష్ఠ వాట్లు. షాపబ్బాయికి తెలియకపోతే అక్కడే ఫోన్‌లో కంపెనీ స్పెసిఫికేషన్ పేజీ తీసి చూడండి, అందులో రాసి ఉంటుంది. ఛార్జరు కూడా కొంత చెబుతుంది. 4050 ఉన్న మెషీన్‌కి 120 వాట్ల ఛార్జరిచ్చారంటే అది లోపల బాగా బిగబట్టి నడుపుతోందనుకోవచ్చు. 170, 200 వాట్లదిచ్చారంటే ధైర్యంగా వదిలారన్నమాట.

వీర్యామ్ కూడా చూడండి. 2050లోనూ, పాత రకం 3050లోనూ 4 జీబీయే ఉంటుంది. 3050లో 6 జీబీది కూడా వచ్చింది. 4050కి 6, 4060కి 8, 2025లో వచ్చిన 5050కి 8. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకు 4 జీబీ చాలు. అవి ఎక్కువ పని చెప్పేది ప్రాసెసరుకే. సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేములకు 4 జీబీ అంటే టెక్స్‌చర్లు (బొమ్మల పైపూతల వివరం) తగ్గించుకుని ఆడడమే. డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్, అంటే చిప్ తనే మధ్యలో అదనపు ఫ్రేములు కల్పించి చేర్చడం, 40 సిరీస్ (4050, 4060) నుంచే వచ్చింది, 30 సిరీస్‌కి లేదు.

ప్రాసెసరు దగ్గర ఎక్కువ మథనపడక్కర్లేదు. కోర్ ఐ5-12450హెచ్, ఐ5-13420హెచ్, రైజెన్ 5 7535హెచ్‌ఎస్ ఇవన్నీ ఈ బడ్జెట్ గ్రాఫిక్స్‌కి సరిపోతాయి. ఒక్క సంగతి మాత్రం మన ప్రాంతంవాళ్లు గుర్తుపెట్టుకోవాలి: రైజెన్ 7 7435హెచ్‌ఎస్‌లో లోపలి గ్రాఫిక్స్ (మామూలు పనులకు ప్రాసెసరులోనే ఉండే చిన్న గ్రాఫిక్స్) లేదు. బ్రౌజర్ తెరిచినా, పీడీఎఫ్ చదివినా ఎన్విడియా చిప్పే పని చేయాలి. ఆడేటప్పుడు మంచి ప్రాసెసరే, కానీ కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద చదువుకోవాల్సిన పిల్లలకు అది త్వరగా అడుగంటిపోతుంది.

స్క్రీను

144 హెర్ట్జ్ (తెర సెకనుకి 144 సార్లు మారుతుంది) అని అందరూ రాస్తారు. దాని పక్కన 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల కొలత), 250 నిట్స్ (వెలుగు కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు, ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తుంది. పగటిపూట కిటికీ ఎదురుగా కూర్చుంటే తెర మీద మీ మొహమే కనిపిస్తుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్ ఉన్న ప్యానెల్‌కి కొన్ని వేలు ఎక్కువైనా పెట్టండి. గేములు మాత్రమే ఆడి, ఇంట్లో వేరే మానిటర్ ఉన్నవాళ్లు దీన్ని వదిలేయొచ్చు. పెళ్లి వీడియోలు, ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లు వదలకూడదు. మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా చూడండి. అది ఉంటే ఎన్విడియా చిప్ నేరుగా స్క్రీనుకే బొమ్మ పంపుతుంది, గేముల్లో ఫ్రేములు కొంచెం పెరుగుతాయి.

మన ఎండ, మన కరెంటు, మన గాలి

మే నెలలో తణుకులోనో రాజమండ్రిలోనో మధ్యాహ్నం గది వేడి 36 డిగ్రీలు దాటాక, లోపలి చిప్ 90 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఏసీ గదిలో తీసిన రివ్యూ అంకెలు మనకి రావు. సన్నని మెషీన్లు ఇక్కడే ముందు చేతులెత్తేస్తాయి. వేడెక్కగానే చిప్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక పడుతుంది. కాబట్టి ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు రెండు కిలోల ముప్పావు బరువున్నా సరే మందపాటి బాడీ, వెనకా పక్కలా పెద్ద జాలీలున్నదే చూసుకోండి. ఫ్రేములను 60కో 90కో కట్టేసి ఆడితే వేడి బాగా దిగుతుంది. పరుపు మీద పెట్టి మాత్రం ఆడొద్దు.

కరెంటు సంగతి. ల్యాప్‌టాప్ ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి కాబట్టి లో వోల్టేజీకి పెద్దగా భయం లేదు. పోయిన కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా కొట్టే దెబ్బే ప్రమాదం. మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డు వాడండి, కరెంటు పోగానే ప్లగ్ తీసేయండి. గేమింగ్ ఛార్జర్లకు మూడో పిన్ను ఉంటుంది. పాత మండువా ఇళ్లలోనూ, అద్దె గదుల్లోనూ ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ అంచు మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమంటుంది. దానికి ల్యాప్‌టాప్ మార్చి లాభం లేదు, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ వేయించండి.

ఇన్వర్టర్ మీద ఆడొచ్చా అని చాలామంది అడుగుతారు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆడొచ్చు. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ల్యాప్‌టాప్ గేములో 150 వాట్లు, ఫ్యాను లైటు కలిపి వంద వాట్లు అనుకుంటే, నష్టాలు తీసేశాక కొత్త బ్యాటరీతో నాలుగైదు గంటలు. పాత బ్యాటరీతో అందులో సగం వస్తే గొప్ప. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ఛార్జరు గుయ్యిమంటూ వేడెక్కుతుంది, దాని మీద గేమింగ్ వద్దు. ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ మీద ఆడదామంటే ఏ మెషీనైనా గ్రాఫిక్స్ వేగం సగానికి సగం దించేస్తుంది, గంట కూడా గట్టిగా రాదు. నెల బిల్లు గురించైతే బెంగక్కర్లేదు: రోజూ మూడు గంటలాడితే నెలకి 13, 14 యూనిట్లు.

తుపాను రోజులు వేరు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పటి లాంటి పరిస్థితిలో గేములాడాలని ఎవరికీ ఉండదు. కానీ ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూ అలాంటి వారంలోనే పడొచ్చు. అప్పుడు బ్యాటరీ 45 వాట్ అవర్లదా, 60దా, 90దా అన్నది తేడా చూపిస్తుంది. కొనేటప్పుడు ఆ అంకె అడగండి.

తీరం దగ్గరి ఊళ్లకు ఇంకో బాధ ఉంది. రాజోలు వైపు మా చుట్టాలింట్లో రెండేళ్లు వాడిన ల్యాప్‌టాప్ వెనక మూత తీసి చూశాం. స్క్రూల తలలు తుప్పుపట్టి ఉన్నాయి, యూఎస్‌బీ పోర్టు అంచుకి పచ్చటి పొర, ఫ్యాను వెనకున్న రేకుల మధ్య దుమ్ము తేమకి ముద్దకట్టి గాలి పోకుండా మూసేసింది. దుమ్ము తీసి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని రాగి గొట్టాలకు అందించే పూత) మార్చాక మళ్లీ మామూలైంది. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు వాళ్లు ఏడాదికోసారి ఈ పని చేయించుకోండి. వాడకపోయినా వారానికోసారి ఆన్ చేయండి, సిలికా జెల్ పొట్లాలు వేసిన సంచిలో పెట్టండి. వెనక మూత తేలిగ్గా ఊడే మోడల్ ఇందుకే కావాలి.

సర్వీసు ఎంత దూరం

అమలాపురం నుంచో ఆకివీడు నుంచో సర్వీస్ సెంటర్‌కి ఒక రోజు పోతుంది. అక్కడ "పార్టు రావాలండి, వారమాగి రండి" అంటే ఇంకో రోజు. అందుకని ఆన్‌సైట్ వారంటీయా, క్యారీ ఇన్ వారంటీయా అన్నది మనకి మూడు నాలుగు వేల విలువ చేసే తేడా. ఆన్‌సైట్ అంటే టెక్నీషియన్ ఇంటికొస్తాడు. క్యారీ ఇన్ అంటే మనమే మోసుకెళ్లాలి. ఆన్‌సైట్ అని రాసి ఉన్నా మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందో లేదో కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెచ్చుకోండి. అదే మెయిల్లో ఇంకో ప్రశ్న అడగండి: "మూత విప్పి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ నేనే వేసుకుంటే వారంటీ ఉంటుందా?" చాలా కంపెనీలు ఉంటుందంటాయి, విప్పేటప్పుడు మనం పాడుచేసినదానికి మాత్రం బాధ్యత మనదే. ఆ జవాబు దాచుకుంటే రేపు కౌంటర్‌ దగ్గర వాదన తప్పుతుంది.

ఇప్పుడు అసలు పోలిక. ధరలు నెలనెలా మారుతున్నాయి, కాబట్టి వీటిని మెట్లుగా చూడండి.

| దారి | సుమారు బడ్జెట్ | మారని భాగం ఎలా ఉంటుంది | తర్వాత పెంచుకోవడం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| 2050 / 3050 కొత్త ల్యాప్‌టాప్ | 60–70 వేలు | 4 లేదా 6 జీబీ వీర్యామ్, స్క్రీను తరచు నాసిరకం | ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచొచ్చు | రెండు మూడేళ్లలో పెద్ద గేములకు చాలదు |
| 4050, వాట్లు బాగా ఉన్నది | 75–90 వేలు | 6 జీబీ వీర్యామ్, ఫ్రేమ్ జనరేషన్ | బాగుంటుంది | బరువు, ఫ్యాన్ల రొద |
| 4060 / 5050 | లక్ష దగ్గర | 8 జీబీ వీర్యామ్ | బాగుంటుంది | బడ్జెట్ అంచుకి పోతుంది |
| కంపెనీ సైట్‌లో కోరినట్టు ఆర్డర్ | 80 వేల నుంచి | స్క్రీను, వారంటీ మనమే ఎంచుకోవచ్చు | అదే మోడల్‌ని బట్టి | వారాల తరబడి ఆగాలి |
| సెకండ్ హ్యాండ్ 3060 / 4050 | 45–65 వేలు | డబ్బుకి ఎక్కువ బలం | బ్యాటరీ కూడా మార్చాల్సి రావొచ్చు | వారంటీ లేకపోవడం |

3050 మెట్టు

ఇక్కడ 2050 వద్దు. పేరుకి ఆర్‌టీఎక్స్ అయినా దాని మెమరీ దారి (చిప్‌కీ వీర్యామ్‌కీ మధ్య డేటా నడిచే దారి వెడల్పు) 64 బిట్లే, 4 జీబీ 3050లో అది 128. ధరలో తేడా తక్కువగా ఉంటుంది, ఆడేటప్పుడు తేడా ఎక్కువగా ఉంటుంది. 6 జీబీ 3050 దొరికితే ఈ మెట్టులో అదే మంచిది. వాలరెంట్, జీటీఏ 5, ఫుట్‌బాల్ గేములు, దాంతోపాటు కాలేజీలో ఆటోక్యాడ్, ప్రోగ్రామింగ్ నడిపే పిల్లలకు ఇది సరిపోతుంది. ఇదే డబ్బుతో స్టిక్కరు మీద 1 టీబీ కావాలని పట్టుబట్టకండి. 512 తీసుకుని, నిండాక రెండోది వేయించుకోండి. ఒక్కో పెద్ద గేము 100 జీబీ దాటుతోంది, నిజమే. 50 ఎంబీపీఎస్ ఫైబర్ మీద అది దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఉంటుంది, పాతది తీసేసి కొత్తది దింపుకోవచ్చు.

4050 మెట్టు

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. 80 వాట్లు దాటి ఇచ్చే 4050, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ స్క్రీను, రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, ఇవి నాలుగూ ఉన్నది దొరికితే ర్యామ్ 8 జీబీయే ఉన్నా తీసుకోవచ్చు. ఎల్‌ఓక్యూలో కూలింగ్, వాట్లు బాగా ఇస్తారు, బరువు ఎక్కువ. నైట్రో వీ సాధారణంగా ధరలో ముందుంటుంది, అయితే 4050ని తక్కువ వాట్లకు ఆపిన మోడళ్లూ అందులో ఉన్నాయి, చూసి తీసుకోవాలి. టఫ్ బాడీ గట్టిది, కొన్ని మోడళ్లలో 90 వాట్ అవర్ల బ్యాటరీ వస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్లకు అది పెద్ద లాభం. విక్టస్ చూడ్డానికి సాదాగా ఉంటుంది, ఆఫీసుకి తీసుకెళ్లినా ఎబ్బెట్టుగా ఉండదు. దాన్లో ఎం.2 స్లాట్లు ఎన్నో మాత్రం తప్పకుండా అడగండి. ఎంఎస్‌ఐ థిన్ తేలిక, చవక. రోజూ బస్సులో మోసుకెళ్లేవాళ్లకు నయం. మే నెలలో ఏసీ లేకుండా గంటలు గంటలు ఆడేవాళ్లకు కాదు.

లక్ష మెట్టు

4060కీ 5050కీ మధ్య ఊగిసలాడుతుంటే వాట్లు, స్క్రీను, వారంటీ ఏది బాగా ఇస్తే అది తీసుకోండి. రెండింటికీ 8 జీబీ వీర్యామే. 50 సిరీస్‌కి మల్టీ ఫ్రేమ్ జనరేషన్ (ఒకటికి మించి అదనపు ఫ్రేములు చేర్చడం) అదనం, 4060కి కోర్లు ఎక్కువ. అసలు ప్రశ్న వేరే ఉంది: ఈ పదిహేను ఇరవై వేలు అప్పు చేసి పెడుతున్నారా? ఈఎంఐ అయితే ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి లెక్కేయండి. గేములకే అయితే 4050 దగ్గర ఆగండి. త్రీడీ, వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్ పని ఉంటే 4050 కన్నా ఎక్కువ వచ్చే ఆ 2 జీబీ వీర్యామ్ నిజంగా పనికొస్తుంది.

కోరినట్టు ఆర్డర్ చేయడం

లెనోవో లాంటి కంపెనీలు సొంత సైట్‌లో కొన్ని మోడళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, స్క్రీను, వారంటీ మనం ఎంచుకునేలా ఇస్తాయి. అందరూ అక్కడికెళ్లి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచుకుని వస్తారు. నేనైతే తిరగేసి చేయమంటాను: ర్యామ్ ఆ రోజు బయటి ధరతో పోల్చి చూడండి, ఎస్‌ఎస్‌డీ తక్కువదే ఉంచండి, మిగిలిన డబ్బు మంచి స్క్రీనుకీ, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకీ పెట్టండి. షాపులో రెడీగా ఉన్న పెట్టెల్లో ఈ రెండూ కలిసి దొరకడం అరుదు. వాపసు, రద్దు షరతులు ముందే చదవండి. కాలేజీ తెరిచే వారంలో ఆర్డరు పెట్టి కూర్చోకండి.

సెకండ్ హ్యాండ్

ఆశగా ఉంటుంది, జాగ్రత్తగానూ ఉండాలి. సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ చూడండి. విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయించి డిజైన్ కెపాసిటీకి ఇప్పటి ఫుల్ ఛార్జ్ ఎంతుందో పోల్చండి. స్క్రీను నాలుగైదుసార్లు మూసి తెరవండి, హింజ్ దగ్గర టక్‌మంటే వదిలేయండి. మీ ముందే అరగంట గేమ్ ఆడించమనండి. తడిసిన మెషీనో కాదో తేలాలంటే వెనక మూత తీయించి స్క్రూలు, పోర్టులు చూడాలి. వరద నీళ్లొచ్చే ఊళ్ల దగ్గర కొంటుంటే ఇది తప్పనిసరి. అమ్మేవాళ్లు మూత తీయనివ్వకపోతే బేరం అక్కడితో ఆపండి.

ఇంట్లోంచి కదిలించే పనే లేనివాళ్లు ల్యాప్‌టాప్ ఆలోచన మాని డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోండి. అదే డబ్బుకి బలం ఎక్కువ, ఏ భాగమైనా మార్చుకోవచ్చు. ఒక యూపీఎస్ మాత్రం తప్పదు.

మీరెవరైతే ఏది

సూరంపాలెం, కాకినాడ, తాడేపల్లిగూడెం వైపు హాస్టల్లో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థికి: లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరు, 4050, రెండు కిలోల పైచిలుకు బరువు. హాస్టల్లో ఛార్జరు పోర్టు ముందు పోతుంది, కాబట్టి ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి కూడా వర్తించే వారంటీ తీసుకోండి. వేళ్లు టైపింగుకీ కోడింగుకీ అలవాటు పడాలి కాబట్టి ఆ మోడల్ కీబోర్డు మీద కొన్నాళ్లయినా రాసి చూసిన స్నేహితుణ్ణి అడగండి.

సంక్రాంతికి కోడిపందాల డ్రోన్ వీడియోలు, మిగతా ఏడాదంతా పెళ్లి వీడియోలు చేసే స్టూడియోవాళ్లకు లెక్క మారుతుంది. స్క్రీను మొదట, తర్వాత 8 జీబీ వీర్యామ్, తర్వాత 32 జీబీ దాకా ర్యామ్ పెంచుకునే వీలు, రెండు ఎం.2 స్లాట్లు. గేముల కోసం చేసే 144 హెర్ట్జ్ మీకు అక్కర్లేదు.

ఇంటర్ చదివే తమ్ముడికి కొంటున్న అన్నయ్యలు, అక్కయ్యలు 3050 దగ్గర ఆగండి. రెండేళ్లలో వాడు ఏ కోర్సులో చేరతాడో తేలుతుంది. అప్పుడు అవసరాన్ని బట్టి ఇంకోటి చూడొచ్చు.

కొనే రోజు

పెట్రోలు చవకని యానాం వెళ్లే అలవాటున్నవాళ్లు ల్యాప్‌టాప్‌కి కూడా అక్కడికెళ్లక్కర్లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ల్యాప్‌టాప్ మీద పన్ను ఎక్కడైనా ఒకటే, 18 శాతం. దసరా, దీపావళి, కాలేజీలు తెరిచే జూన్, జులై ఆఫర్లలో దిగినట్టు కనపడే ధర నిజంగా దిగిందో లేదో తెలియాలంటే నెల ముందు నుంచి అదే మోడల్ నంబరు ధర రాసుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి, వారంటీకి అదే ఆధారం.

ఇంటికి తెచ్చిన రోజే, ఆన్‌లైన్లో తెప్పిస్తే వీడియో తీస్తూ, పెట్టె విప్పండి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మీ చిప్‌కి ఎన్ని వాట్లిచ్చారో కనిపిస్తుంది, షాపులో చెప్పినదానితో సరిపోల్చండి. ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేయకుండా, మీరు రోజూ ఆడబోయే గేమే గంటసేపు ఆడండి. ఫ్రేములు మొదటి పది నిమిషాల్లో ఎలా ఉన్నాయో, చివరి పది నిమిషాల్లో ఎలా ఉన్నాయో రాసుకోండి. మధ్యలో బాగా పడిపోయినా, చెప్పిన వాట్లు రాకపోయినా వాపసు గడువు దాటకముందే కంప్లెయింట్ పెట్టి నంబరు తీసుకోండి.